లారీ తిరగని గుండ్రం

ఆఫీసులో అందరూ ఆమెను స్కేలక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా కొత్త కాలనీలకు లేఅవుట్లు గీస్తోంది. వీధి వెడల్పు ఎంతుండాలి, మూల ఎంత మేరకు గుండ్రంగా తిరగాలి, కాలిబాట ఎక్కడ దిగాలి, అన్నీ నోటికి వచ్చు. బల్ల మీద కంప్యూటర్ ఉన్నా మొదటి గీత మాత్రం చేత్తోనే. “మౌసుతో గీస్తే తప్పు కూడా అందంగా కనిపిస్తుంది,” అంటుంది.

ఎవరింటికి భోజనానికి పిలిచినా ఆమె గేటు దగ్గరే పావుగంట ఆగిపోతుంది, వీధిని అడుగులతో కొలుస్తూ. “వదిన వచ్చింది గానీ ఇంకా ఇంట్లోకి రాలేదు, అన్నం వడ్డించకు,” అని మరిది వంటగదిలోకి కేకేస్తాడు.

ఆమె చెల్లెలు బట్టలు కుడుతుంది. పదకొండేళ్లుగా అద్దింటి వరండాలోనే పని. వాన జల్లు కొడితే మెషిన్ మీద దుప్పటి కప్పి తను తడుస్తూ నిలబడుతుంది. కిందటేడు అక్క గీసిన లేఅవుట్లోనే, వీధి చివర కుడి పక్కన స్థలం కొనుక్కున్నారు. ముందువైపు కుట్టుగది రావాలని చెల్లెలి పట్టుదల. దానికి ప్లాను కూడా అక్కే గీసిచ్చింది.

ఒక శనివారం పొద్దున అక్కాచెల్లెళ్లు స్థలం చూడబోయారు. రోడ్డుకు మేకులు కొట్టి సున్నంతో గీతలు వేసేశారు. సోమవారం అంచురాళ్లు పాతుతారు. ఆ వీధి చివర మూసుకుపోతుంది కనుక బండ్లు వెనక్కి తిరగడానికి అక్కడ గుండ్రంగా చోటు వదిలారు. అప్పుడే కంకర దించిన లారీ ఒకటి ఆ సున్నం గీతల మధ్య తిరగబోయింది. ముందుకు, వెనక్కు, మళ్లీ ముందుకు. చివరికి డ్రైవరు తల బయటపెట్టాడు.

“ఎవరమ్మా ఈ గుండ్రం గీసింది?”

“మా అక్కే!” అంది చెల్లెలు గర్వంగా.

“అయితే మీ అక్కనే వచ్చి తిప్పమను. నాకు సైకిలు కాదు, లారీ ఇచ్చారు!” అని అతను వీధి మొదటి దాకా వెనక్కే నడుపుకుంటూ పోయాడు.

స్కేలక్క నవ్వలేదు. సంచిలోంచి టేపు తీసింది. నడిమి మేకు నుంచి సున్నం గీతకు తొమ్మిది మీటర్లు ఉండాలి. నాలుగున్నరే ఉంది. రెండోసారి కొలిచింది. టేపు మాట మార్చలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో వెంటనే తెలిసిపోయి, కంకర కుప్ప మీదే కూలబడింది. వాళ్ల కాగితం మీద రెండు మిల్లీమీటర్లంటే నేల మీద ఒక మీటరు. నడుమ నుంచి అంచుకు తొమ్మిది మీటర్లంటే కాగితం మీద పద్దెనిమిది మిల్లీమీటర్లు. గుండ్రాలు గీసే ప్లాస్టిక్ స్టెన్సిల్లో పద్దెనిమిది అని రాసున్న కన్నంలో పెన్సిల్ తిప్పేసింది. కానీ ఆ అంకె కన్నం మొత్తం వెడల్పు, నడుమ నుంచి అంచుకు కాదు. ముప్పై ఆరు తీసుకోవాల్సింది. పని నేర్చుకునే రోజుల్లో చేయాల్సిన తప్పు ఇరవై రెండో ఏట చేసింది. పైన ముగ్గురు సంతకాలు పెట్టారు. గీసింది స్కేలక్క కదా, మళ్లీ కొలవడమెందుకని ముగ్గురూ అనుకున్నారు.

అంతా విని చెల్లెలు, “మడత మీద కొలవాల్సింది పరిచి కొలిచావన్నమాట,” అంది. “నా మొదటి గొడుగు గౌను అలాగే పాడైంది. బొమ్మక్కూడా పట్టలేదు.”

“సరిదిద్దితే నీ కుట్టుగది పోతుందే. గుండ్రం నాలుగున్నర మీటర్లు నీ స్థలంలోకి వస్తుంది.”

చెల్లెలి మొహంలో నవ్వు ఆరిపోయింది. “ఊరుకుంటే?”

“ఎవరికీ తెలీదు. ఫైరింజను వచ్చి తిరగలేకపోయిన రోజున తెలుస్తుంది.”

“చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు! బిస్కెట్టు నా చేతిలో పెట్టి, నేను నోట్లో పెట్టుకునే లోపు సగం కొరికేసేదానివి!” అని విసవిసా వెళ్లిపోయింది.

ఆదివారమంతా స్కేలక్క బల్ల ముందు కూర్చుంది, ఎలా చెప్పాలా అని. చెప్పాలా వద్దా అన్నది మాత్రం ఆలోచించలేదట. సాయంత్రం చెల్లెలు తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో కత్తెర, నమూనాలు కత్తిరించుకునే గోధుమరంగు కాగితం.

“కొలత చెప్పు,” అంది. కాగితాన్ని నాలుగు మడతలు వేసి, కోసి, విప్పి, ఆ గుండ్రాన్ని ప్లాను మీద పెట్టింది. “ఇది సరిగ్గా వీధి నడుమే ఉండాలని మీ నిబంధనల్లో ఉందా?”

“ఎంతుండాలో ఉంది. నడుమే ఉండాలని…” స్కేలక్క ఆగిపోయింది. “లేదు.”

“ఎడం పక్క స్థలాలెవరివి?”

“ఇంకా అమ్మలేదు.”

చెల్లెలు వేలితో కాగితాన్ని ఎడమకు జరిపింది. “గుడ్డ ఒక పక్క చాలకపోతే మేం నమూనా జరుపుతాం. ఈమాత్రానికి నిద్రమానుకున్నావా?”

మూడు మీటర్లు జరిగింది. అంతకు మించితే ఎడం పక్క స్థలంలో ఇల్లు పట్టదు. వీధి గుండ్రంలోకి ఒక పక్కగా వచ్చి చేరుతోంది, అంతే. స్కేలక్క మూడుసార్లు కొలిచింది. “అయినా నీది మీటరున్నర పోతుంది.”

“పోనీలే. నిప్పంటుకుంటే ముందు కాలేవి నా గుడ్డలే.”

సోమవారం రాళ్ల బండి రాకముందే ఆమె పెద్దసారు గదిలో ఉంది.

“నువ్వా?” అన్నాడాయన కళ్లద్దాలు తీసి.

“నేనే సార్. స్టెన్సిల్ తప్పు చదివాను. ఇదిగో కొత్త గీత.”

లేఅవుట్ యజమాని అరుపులు ఫోన్లోంచి వరండాదాకా వినబడ్డాయి. “సున్నం చెరిపితే చాలండీ ఇవాళ. రేపైతే రాళ్లు పీకాలి,” అని పెద్దసారు నెమ్మదిగా నచ్చజెప్పాడు. ఆమె ఫైల్లోకి ఒక మందలింపు కాగితం చేరింది. ఆ రోజు నుంచి తన గీతలు పక్కబల్ల ఆవిడ టేకు స్కేలుతో కొలిచేదాకా స్కేలక్క సంతకానికి పంపదు. ఆ పద్ధతి ఎవరూ పెట్టలేదు, తనే పెట్టుకుంది.

సాయంత్రం కొత్త సున్నం గీత పక్కన నిలబడి అక్క కుట్టుగదిని మళ్లీ గీయడం మొదలుపెట్టింది. ముందు గోడ ఇప్పుడు వంపు తిరిగింది.

“మెషిన్ ఎక్కడ పెడతావు?”

“వంపులోనే. వీధి మొదటిదాకా కనబడాలి. ఎవరొస్తున్నారో చూసుకుంటూ కుట్టుకుంటా.”

స్కేలక్క ఆ వంపు పొడవునా కిటికీ గీసింది.

“ఇంత పెద్దదే! కొలత సరిగ్గానే వేశావా?”

“ఏమో. రేపు పక్కబల్ల ఆవిడ చెబుతుంది,” అంది స్కేలక్క.