ముల్లు చూపించిన ఫుల్ ట్యాంకు

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను గోరంతను కొండంత చేస్తాను. తప్పు నాది కాదు. మా విశాఖ సముద్రపు గాలికి ఇనుము తుప్పు పడుతుంది, మాట ఉబ్బుతుంది. నాకు రెండూ ఉన్నాయి, తుప్పు పట్టిన కారు, ఉబ్బిన నోరు.

ఆ కారు డాష్‌బోర్డు గురించి చెప్పాలి. ఇంటి ముందు బండి నిలబడి ఉన్నా స్పీడు ముల్లు నలభై మీద ఉండేది. బీచ్ రోడ్డులో ఆవు అడ్డమొస్తే ఆగానా, ఎనభై. ఇంజను వేడి చూపించే ముల్లు దీనికి పూర్తిగా వ్యతిరేకం. బానెట్ లోంచి ఇడ్లీ పాత్రలా ఆవిరి తన్నుకొస్తున్నా అది కింద చల్లగా పడుకునే ఉండేది. పెట్రోలు ముల్లుకు హెడ్‌లైట్లతో ఏదో చాటుమాటు వ్యవహారం నడుస్తోంది. లైట్లు వేస్తే నిటారుగా లేచి ఫుల్లు దగ్గర నిలబడేది, ఆర్పితే వాలిపోయేది.

మొదటి మెకానిక్ సెన్సార్ పోయిందన్నాడు. రెండోవాడు మీటరంతా మార్చాలన్నాడు. మూడోవాడు డాష్‌బోర్డుకు చెవి ఆనించి కాసేపు విని, "అమ్మీండి సార్, ఇది బతకదు" అన్నాడు. దాంతో నేనే ఒక శాస్త్రం కనిపెట్టుకున్నాను. ఫుల్లంటే సగం, సగమంటే కొంచెం, కొంచెమంటే దేవుడు.

ఇలా ఉండగా మా బావ రిటైరయ్యే రోజు వచ్చింది. బావంటే మా అక్క భర్త. ఉక్కు కర్మాగారంలో ఫర్నేసు దగ్గర పని. షిఫ్టులన్నిటికీ సైకిలు మీదా, ఆ తర్వాత స్కూటరు మీదా తిరిగినవాడు. ఉద్యోగం చివరి రోజున తోటివాళ్లు దండ వేసి, డప్పులతో, పూలు కట్టిన కారులో ఉక్కునగరంలోని క్వార్టరు దాకా దిగబెట్టడం వాళ్ల ఆనవాయితీ. మా వైపు బావా బావమరుదులిద్దరూ ఒకరికొకరు బావే. బావ నన్ను కోరింది ఒక్కటే.

"బావా, నాను ముందు సీట్లో కూకోని ఇంటికెల్లాల. ఆఫీసర్లాగ. మీ అక్క గేటు కాడ నిల్సోని సూడాల. ఇంకేటీ వొద్దు."

మా రెండిళ్లలో కారున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

బయల్దేరుతుంటే మా ఆవిడ, "దారిలో పెట్రోలు కొట్టించండి. ఆ ముల్లును నమ్మితే మిమ్మల్ని నమ్మినట్టే" అంది. సరేనన్నాను. ప్రతి బంకు దగ్గరా తిరుపతి క్యూ అంత లైను. ఒక్కోదానికీ నమస్కారం పెట్టుకుంటూ దాటేశాను.

కర్మాగారం గేటు దగ్గర బావ స్నేహితులు బండిని బంతిపూలలో ముంచేశారు. "బావా, లైట్లెయ్యి. పెళ్లి బండిలాగుండాల" అన్నాడొకడు నాతో. బావ స్నేహితులకూ నేను బావనే. వేశాను. ముల్లు లేచి ఫుల్లు దగ్గర నిలబడింది. అబద్ధమని నాకు తెలుసు. కానీ నిండుగా కనబడే అబద్ధాన్ని కాదనడానికి గుండె కావాలి. ఎన్నికలప్పుడల్లా చూస్తూనే ఉన్నాం కదా.

బావ ముందు సీట్లో కూర్చున్నాడు. దండ ఎంత లావుదంటే పైకి కళ్లూ, బట్టతలా మాత్రమే కనిపిస్తున్నాయి. డప్పులు మొదలయ్యాయి. ఉక్కునగరంలో రెండు సెక్టార్లు దాటాక కారు దగ్గింది, తుమ్మింది, ఆగిపోయింది.

"ఏటి బావా, ఆగిపోనాదేటి?" దండలోంచి గొంతు.

"ఫుల్ ట్యాంకు చూపిస్తోంది బావా."

"ముల్లుకుందేమో, బండికి నేదు" అన్నాడు వెనకనుంచి ఒకడు.

ఇంకొకడు కిటికీలో తల పెట్టాడు. "ఇన్నాళ్లూ ఫర్నేసు ఆరకుండా సూసినోడికి ఆరిపోయిన బండి తెచ్చినావా బావా?"

అందరూ నడుం వంచి తోశారు. డప్పులవాళ్లు మమ్మల్ని దాటి చాలా దూరం పోయారు, ఒక కుక్క కూడా దాటింది. మా స్పీడు ముల్లు మాత్రం ఎనభై మీద ఉంది. బావ సీట్లో రాజులా వెనక్కి వాలి, దారిపొడుగునా చెయ్యి ఊపుతూ, "నెమ్మదిగా తొయ్యండ్రా, స్పీడెక్కువైపోనాది" అన్నాడు. మా అక్క గేటు దగ్గర ఆ వైభోగం చూసి, బావను కారు దిగనివ్వకుండానే హారతిచ్చింది.

ఇందులో అబద్ధమేదో ఇప్పుడు చెప్పేస్తాను. ఎనభై నిజం. కుక్క నిజం. చివర్లో బావ రాజులా కూర్చున్నాడే, అది నా కల్పన. బండి ఆగగానే, "మనోళ్లు తోత్తంటే నాను కూకుంటే బాగోదు బావా" అని దిగిపోయాడు. దండను వీపు మీదికి తిప్పుకుని, డిక్కీకి భుజం ఆనించి ఇంటిదాకా తోశాడు. చివరి డ్యూటీ దిగి గంట కాలేదు.

హారతి పళ్లెంతో ఎదురొచ్చిన మా అక్కకు కారులో దర్జాగా కూర్చుని కనిపించింది నేనొక్కణ్ణే. ఖాళీగా ఉన్న ముందు సీటు వైపు చూసి, "మీ బావేడ్రా?" అంది.

"వెనకాలున్నాడు" అన్నాను.