అరవై శాతం గుండె

పోయిన ఏడాది జనవరిలో మా యూనివర్సిటీ పూర్వ విద్యార్థులు పెట్టిన ఐదు కిలోమీటర్ల పరుగును నేను స్కూటర్ మీద పూర్తి చేశాను. మొదలుపెట్టింది మాత్రం నా కాళ్ల మీదే. విజిల్ వేయగానే, నా దగ్గర కెమిస్ట్రీ చదువుకుంటున్న కుర్రాళ్లతో సమానంగా దూసుకుపోయాను. లైబ్రరీ దాటేదాకా ముందు వరుసలోనే ఉన్నాను కూడా. అడిక్‌మెట్ వైపు ఎత్తు మొదలవగానే ఊపిరి అందక ఫుట్‌పాత్ మీద కూలబడ్డాను. వాలంటీర్ బ్యాడ్జి పెట్టుకున్న ఒక అమ్మాయి పరుగెత్తుకొచ్చి, "సార్, మీ పేరేంది?" అని అడిగింది. చెప్పలేకపోయాను. పేరు మర్చిపోయి కాదు, చెప్పడానికి గాలి లేక.

ఆ అమ్మాయి నన్ను స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని, జనం చప్పట్లు కొడుతున్న ముగింపు గీత పక్కనుంచే తీసుకెళ్లింది. వాటిలో కొన్ని చప్పట్లు నాకూ పడ్డాయి. ఏళ్ల తరబడి గంటసేపు ఆపకుండా పాఠం చెప్పి బతికేవాణ్ణి. కాళ్లు ఆగిపోయినందుకు కాదు, నోరు పెగలనందుకు తల కొట్టేసినట్టయింది.

డాక్టరు పరీక్షలన్నీ చేయించి, "గుండెకు జబ్బేమీ లేదండీ. అలవాటు తప్పింది, అంతే. మెల్లగా అలవాటు చేయండి" అన్నారు. అందులో "మెల్లగా" అన్న మాట నాకు వినిపించలేదు. వచ్చే జనవరిలో అదే పరుగు నా కాళ్ల మీద పూర్తి చేయాలి, గీత దగ్గర నిలబడి నా పేరు నేనే చెప్పుకోవాలి అని పంతం పట్టాను.

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఒక వాచీ పంపింది. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో అది చూపిస్తుంది. ఆ వేగాన్ని ఐదు జోన్లుగా విడగొట్టి ఒక్కోదానికీ ఒక్కో రంగు ఇస్తుంది. రెండోది నీలం, మూడోది ఆకుపచ్చ, నాలుగోది నారింజ, ఐదోది ఎరుపు. అమ్మాయి ఫోన్లో ఓపిగ్గా వివరించింది. "రెండు వందల ఇరవైలోంచి నీ వయసు తీసేయ్ నాన్నా. సుమారుగా అదే నీ గుండె గరిష్ఠ వేగం. అందులో అరవై నుంచి డెబ్బై శాతం దాకా రెండో జోన్. తొంభై దాటితే ఐదోది."

అరవై, డెబ్బై, తొంభై శాతం అని చెబితే, జీవితమంతా జవాబు పత్రాలు దిద్దినవాడికి ఏమర్థమవుతుంది? అరవై అంటే అత్తెసరు ఫస్ట్ క్లాసు. ఈ రోజుల్లో దానికి ఎంఎస్సీ సీటు కూడా రాదు. తొంభై అంటే గోల్డ్ మెడల్. ఇలా అనుకున్నది నేనొక్కణ్ణే అయితే సిగ్గుపడేవాణ్ణి. మా స్టాఫ్ రూములో వాచీలు పెట్టుకున్నవాళ్లందరిదీ అదే లెక్క. ఫిజిక్సాయన పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని "నాకివాళ తొంభై రెండు" అంటాడు. ఆ మూల జువాలజీ మేడమ్ మొహం మాడ్చుకుని, "నాకు ఎనభై ఎనిమిదే వచ్చిందండీ, రీవాల్యుయేషన్ పెట్టుకోవాలి" అంటుంది. అందరం నవ్వుతాం గానీ, మర్నాడు అందరం ఇంకాస్త గట్టిగా పరుగెత్తుతాం.

రోజూ తార్నాకలో మా ఇంటినుంచి క్యాంపస్ లోపలికి వెళ్లి, వాచీ ఎర్రబడేదాకా పరిగెత్తి, వచ్చి సోఫాలో పడేవాణ్ణి. మధ్యాహ్నం ల్యాబులో నిలబడే నిద్రపోయేవాణ్ణి. మోకాళ్లు మొరాయించాయి. ఊరికే కసురుకుంటున్నానని ఇంట్లో ఫిర్యాదు వచ్చింది. అయినా రోజూ గోల్డ్ మెడలే.

మా ఆవిడ అంబర్‌పేట్‌లో బ్యాంకు ఉద్యోగి. ఆమెది జనగామ దగ్గర పల్లెటూరు, మాది గోదావరి జిల్లా. ఈ క్యాంపస్‌లోనే క్లాస్‌మేట్స్‌గా మొదలైనవాళ్లం కాబట్టి మా మధ్య అండీలూ మీరులూ ఏనాడూ లేవు. ఆమె కూడా రోజూ పొద్దున పక్క ఫ్లాటావిడతో కలిసి నడుస్తుంది. హాస్టళ్ల దగ్గర నెమళ్లు అరుస్తున్నా వాళ్ల కబుర్లే పైకి వినిపిస్తాయి. "అది నడకా, మహాసభా?" అని ఏడిపించేవాణ్ణి. ఆమె మార్కులు ఎంత అధ్వానంగా ఉన్నాయో చూపిద్దామని ఒకరోజు నా వాచీ ఆమె చేతికి పెట్టి పంపాను. తిరిగొచ్చాక చూస్తే ఆసాంతం నీలమే, ఒక్క నారింజ చుక్క లేదు.

"చూశావా, అత్తెసరు" అన్నాను.

"పాసయిన గదా, సాలు" అంది.

ఆ సాయంత్రమే మా అపార్ట్‌మెంటులో లిఫ్టు పాడైంది. మాది నాలుగో అంతస్తు. ఆమె ఒక చేత్తో కూరగాయల సంచీ, ఇంకో చేత్తో చెవి దగ్గర ఫోనూ పట్టుకుని, వాళ్ల చెల్లెలితో మాట ఆపకుండా మెట్లెక్కేసింది. గోల్డ్ మెడలిస్టు రెండో అంతస్తులో మెట్ల రెయిలింగు పట్టుకుని నిలబడిపోయాడు. పైనుంచి ఆమె గొంతు హాయిగా వినబడుతూనే ఉంది. నాకు ఒళ్లు మండింది.

రాత్రి అమ్మాయికి ఫోన్ చేసి, నీ వాచీ తప్పులు చూపిస్తోందని దెబ్బలాడాను. అది సంగతంతా విని నవ్వి నవ్వి, "అవి మార్కులు కావు నాన్నా. ఎర్ర రంగు అంటే పరీక్ష రాయడం, నీలం అంటే చదువుకోవడం. రోజూ పరీక్షే రాస్తే ఇక చదివేదెప్పుడు?" అంది. ఎక్కువ రోజులు నీలంలోనే ఉండాలట. అలసట లేకుండా ఎక్కువసేపు పనిచేయడం గుండెకూ కండరాలకూ అక్కడే అలవడుతుందట. గట్టి పరుగు వారానికి ఒక్కరోజు చాలట. "లెక్క సుమారుగానే ఉంటుంది కాబట్టి వాచీని పూర్తిగా నమ్మకు. తడుముకోకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే రెండో జోన్‌లో ఉన్నట్టు" అని చెప్పింది.

మర్నాడు నీలం దాటకుండా నడిచాను. ప్రాణం మీదికొచ్చింది. చేతికర్ర పట్టుకున్న పెద్దాయన నన్ను దాటుకుని వెళుతూ జాలిగా చూశాడు. పైగా ఒంటరిగా నడిచేవాడు ఎవరితో మాట్లాడాలి? నాకొచ్చిన మాటలు పాఠాలే. ఆమ్లాలూ క్షారాలూ పైకి చెప్పుకుంటూ హాస్టళ్ల ముందు నడుస్తుంటే, పళ్లు తోముకుంటున్న కుర్రాడొకడు గోడ మీంచి వంగి, "సార్, గిది ఎగ్జామ్‌ల వస్తదా?" అని అడిగాడు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "రేపటి సంది నాతోటి రా. నువ్వు మాట్లాడుకుంట నడువు, నేనింట. మాట తెగితే మెల్లగైదాం" అంది. పక్క ఫ్లాటావిడ పెద్ద మనసుతో నాకు చోటిచ్చి, నడకను సాయంత్రానికి మార్చుకుంది.

మొదటి వారం నాకున్న పాఠాలన్నీ అయిపోయాయి. ఆ తర్వాత ఆమె చెప్పడం మొదలుపెట్టింది. రోజూ పనేమీ లేకపోయినా బ్యాంకుకొచ్చి ఏసీ కింద కూర్చుని, ఆమెకు నమస్తే పెట్టి వెళ్లిపోయే ఒక ముసలాయన గురించి చెప్పింది. ఆయన రెండ్రోజులు రాకపోతే ఆమె రామంతాపూర్‌లో ఉన్న వాళ్లింటికి వెళ్లి చూసొచ్చిందట. నిక్షేపంగా ఉన్నాడట, ఇంట్లోనే ఏసీ పెట్టించుకున్నాడట. ఇంత కాపురంలో ఆమె బ్యాంకు గురించి నాకు తెలిసింది సెలవులు ఎప్పుడన్నది మాత్రమే. మా ఆవిడ ఇంత బాగా కథ చెబుతుందని నాకు ఆ రోడ్ల మీదే తెలిసింది. పొద్దున ఎప్పుడవుతుందా అని ఎదురుచూడటం మొదలుపెట్టాను.

వానలు తగ్గుముఖం పట్టేసరికి ఒక వింత గమనించాను. వాచీలో అదే నీలం రంగు, నోట్లో అవే పూర్తి వాక్యాలు, కానీ మేమిద్దరం నడవడం లేదు, చిన్నగా పరిగెత్తుతున్నాం. గుండె అంతే కొట్టుకుంటోంది, కాళ్లు మాత్రం ఎక్కువ దూరం పోతున్నాయి. ఈ సంగతి స్టాఫ్ రూములో చెబితే ఫిజిక్సాయన నమ్మలేదు. ఆయనకి ఆరోజు తొంభై నాలుగు.

జనవరి వచ్చింది. ఈసారి ఇద్దరం పేర్లిచ్చాం. విజిల్ పడింది, కుర్రాళ్లు దూసుకుపోయారు, నా కాళ్లు దురద పెట్టాయి. చొక్కా వెనకనుంచి పట్టి లాగినట్టయింది.

"ఏడికి ఉరుకుతున్నవ్? ఆగు" అంది.

ఆగాను. లైబ్రరీ దాటేసరికి మా వెనక పట్టుమని పదిమంది కూడా లేరు. అడిక్‌మెట్ వైపు ఎత్తు మొదలైంది. పోయినసారి నేను కూలబడిన ఫుట్‌పాత్ కనిపించేసరికి నాకు భయం వేసింది. వాచీ నీలం దాటింది, ఆకుపచ్చ దాటింది.

"రాత్రి వంకాయ కూర ఎట్లున్నది?" అని అడిగింది.

"బాగుంది."

"గది ఒక్క మాటనే. పూర్తిగ చెప్పు."

"ఉప్పు... కొంచెం..."

"ఉరకకు. నడువు" అంది. సిగ్గుపడకుండా నడిచాం. ఎత్తు సగానికి వచ్చేసరికి, కూరలో ఉప్పు తక్కువైందనీ, కారం సరిపోయిందనీ, అయినా వాళ్లమ్మ చేసినంత బాగా కుదరలేదనీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. "మస్తు మాట్లాడుతున్నవ్. ఇగ ఉరుకు" అంది. ఆ ఫుట్‌పాత్‌ను పరిగెత్తుతూ దాటాను.

గీత దాటేసరికి చప్పట్లు కొట్టేవాళ్లు చాలామంది టిఫిన్ల దగ్గరికి వెళ్లిపోయారు. మైకు పట్టుకుని నిలబడింది పోయిన ఏడాది స్కూటర్ అమ్మాయే. నన్ను గుర్తుపట్టి నవ్వి, "సార్, ఇప్పుడన్న చెప్తరా మీ పేరు?" అని మైకు నా మూతి దగ్గర పెట్టింది.

నా పేరు చెప్పాను. మా ఆవిడ పేరు చెప్పాను. మా డిపార్ట్‌మెంటు, మా బ్యాచ్, రెండు వందల ఇరవైలోంచి వయసు ఎందుకు తీసేయాలి, నీలానికీ ఎరుపుకీ తేడా, స్టాఫ్ రూములో అందరూ ఎక్కడ పొరపడుతున్నారు, అన్నీ వరసగా చెప్పుకుంటూ వచ్చాను. ఆ అమ్మాయి చెయ్యి మార్చుకుంది. నా గుండె నిండా సంతోషం, దాని కింద కావలసినంత గాలి.

"ఇగ సాలు, ఆ పిల్లకు చెయ్యి గుంజుతున్నది" అంది మా ఆవిడ. "ఇడ్లీలు అయిపోతయ్. మిగిలింది నాకు చెప్పు, నడువు."

మిగిలింది ఆమెకు చెప్పుకుంటూ నడిచాను.