బావమరిది రక్తం

ఖమ్మంలో నాకు గుండె ఆపరేషన్ బాగానే జరిగింది. రక్తం తగ్గిందని ఎక్కించారు. ఆ మర్నాడే గుండె లయ తప్పింది. డైరీలో గీత గీసుకున్నట్టు బతికినవాణ్ని నేను. మంచం పక్క తెర మీద నా గుండె గీత మాత్రం సంతలో తాడు తెంపుకున్న మేకలా గెంతుతోంది. నొప్పి లేదు. తల తేలిపోతూ, భద్రాచలం రేవులో నాటు పడవ ఎక్కినట్టు మంచం ఊగుతూ, ఊరికే నవ్వొస్తోంది.

సాయంత్రంలోగా మందులకు లొంగకపోతే మత్తిచ్చి గుండెకు కరెంటు షాక్ ఇస్తామన్నాడు డాక్టరు. ఆ మిషన్ తెచ్చి తలాపునే పెట్టారు. ఛాతీ కోస్తామన్నప్పుడు బెదరనివాణ్ని, దాన్ని చూసి కళ్లు మూసుకున్నాను. నా భార్య కుర్చీ జరుపుకుని దానికి అడ్డంగా కూర్చుంది.

అప్పుడొచ్చాడు బావమరిది. కల్లూరులో మిర్చి పండిస్తాడు. నా కోసం రక్తమిచ్చింది అతనే.

"ఏంది బావా, నా రక్తం ఎక్కంగనే గుండె ఎగురుతున్నదంట?"

"నీ రక్తమాయె. కుదురుగ ఎట్లుంటది?" అంది నా భార్య.

"అది సరే గని అక్కా, నా రక్తం ఎక్కినంక బావ నాకు అన్న అయిండు. మరి నీకేమైతడు?"

ఆమె వేళ్ల మీద వరసలు లెక్కపెట్టుకోసాగింది.

"రాఖీ తేవాల్నా?" అన్నాడు తమ్ముడు.

"థూ, నీ నోట్ల మన్ను వడ!"

మందులు మారుస్తున్న నర్సు కల్పించుకుంది. "అట్లేం లేదమ్మా. ఆయనిచ్చింది బ్లడ్ బ్యాంకుకు పోయింది. తాతకు ఎక్కింది వేరేటోళ్లది."

"బతికించినవ్ బిడ్డా!" అని నా భార్య పుస్తెలు కళ్లకద్దుకుంది.

ఇక ఆగలేకపోయాను. కుట్లు కదలకుండా దిండును ఛాతీకి అదుముకుని నవ్వాను. గుండె గీత చూపే మిషన్ కీచుమంటూ మోగింది. బావమరిది మొహం పాలిపోయింది. నర్సు నా ఛాతీ మీద ఊడిన వైరు అతికించి, తెరవైపు చూస్తూ నిలబడిపోయింది.

"తాతా, దారికొచ్చింది!"

డాక్టరు వచ్చి చాలాసేపు చూసి, మందు పనిచేసిందన్నాడు.

"మందు కాదు సార్, రాఖీ భయం," అన్నాడు బావమరిది.

షాక్ మిషన్‌ను బయటికి తోసుకుపోతుంటే నా భార్య లేచి దానికి రెండు చేతులా దండం పెట్టింది.

"పో తల్లీ. మల్ల రాకు."