గాజు పెట్టెలో తడిసిన పటం

దయ్యం కథతో నా దగ్గరికి వచ్చిన ప్రతివారినీ నేను మొదట అడిగేది, ఆ ఇంటి పైకప్పు దేనితో వేశారని. ఆసిఫాబాద్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతున్న రోజుల్లో, ఒక పాత బంగళాలో ఎవరో నడుస్తున్న చప్పుడు వస్తోందని జనం అటు వెళ్లడం మానేశారు. నేను ఒక మధ్యాహ్నమంతా అక్కడ కూర్చుని, ఎండకు ఇనుప రేకులు వ్యాకోచించి మేకుల దగ్గర చేసే చప్పుడే ఆ అడుగులని తేల్చాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఇలాంటివి ఐదారు పరీక్షించాను. ఒక్కటీ నిలబడలేదు.

ఇప్పుడు రాస్తున్నదాన్ని కూడా అలాగే పరీక్షించాను. రాయడానికి ఇంతకాలం పట్టడానికి కారణం అదే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు కరీంనగర్‌లో ఉద్యోగ విరమణ చేశాను. ఆ ఏడే నా భార్య చనిపోయింది. పగలంతా ఇంట్లో ఒక్కణ్నే కూర్చోలేక, పట్టణంలో కొత్తగా తెరిచిన చిన్న చిత్రకళా మ్యూజియంలో జీతం లేకుండా పనిచేస్తానని అడిగాను. మూడు గదులు, ఒక అధికారి, ఒక కావలి మనిషి. గదుల్లో వేడి, తేమ ఎంతెంత ఉన్నాయో రోజుకు రెండుసార్లు చూసి రాయడం, చిత్రాలకు పురుగు పట్టకుండా చూడటం నా పని. ఆ పనిలో నాకు కొంత ఊరట దొరికింది.

ఒకరోజు రాజం అనే యువకుడు బట్టలో చుట్టిన పొడవైన పటం ఒకటి తెచ్చాడు. వారిది సిరిసిల్ల దగ్గరి పల్లె. ఆ ఇంటివారు తరతరాలుగా సాలెవాడల్లో పటం విప్పి, బొమ్మలు చూపిస్తూ పురాణ కథ చెప్పేవారు. ఖద్దరు బట్టకు చింతగింజల అంబలి, తెల్లమట్టి పూసి, దానిమీద నేపథ్యంగా ఎర్రరంగు వేసి గీసిన బొమ్మలు. అంచులు చిరిగిపోయాయి. మగ్గాలు మూతపడి కథ చెప్పించుకునేవారు తగ్గడంతో, తాను బెల్లంపల్లి బొగ్గు గనిలో పనికి కుదిరానని రాజం చెప్పాడు.

"గీడనైతే కరాబు గాదు గద సారూ?" అని అడిగాడు.

నూరేళ్లు కాపాడతామని మాట ఇచ్చాను. తండ్రికి తానే చెప్పుకుంటానని వెళ్లిపోయాడు. శాస్త్రీయ దృష్టి ఉన్న కుర్రవాడని ఆ సాయంత్రం అధికారితో మెచ్చుకున్నాను.

నెల తిరక్కుండా అతని తండ్రి ఓదెలు వచ్చాడు. అరవై దాటిన మనిషి. గాజు మూత ఉన్న పెట్టెలో పరచి ఉన్న పటాన్ని చూసి, చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చి నేలమీద కూర్చున్నాడు.

వారి ఆచారం అప్పుడు తెలిసింది. పటం చిరిగితే అది చనిపోయిన పెద్దమనిషితో సమానం. కొత్తది గీయించాక, ఇంటి కొడుకు పాతదాన్ని భుజాన మోసుకుపోయి గోదావరిలో కలపాలి. అది జరిగేదాకా ఇంటికి అంటు. కొత్త పటం విప్పడానికి లేదు.

"ఇంట్ల పీనుగను పెట్టుకొని బువ్వ తింటున్నం సారూ" అన్నాడు ఓదెలు. "మోసుకపోవాల్సినోడు నా ఒక్కగానొక్క కొడుకు. గా పని మెడమీద ఉంచుకొనే బాయిలకు దిగుతుండు. భూమి కిందికి పోయెటోడు గట్ల పోవద్దు. పటం ఇయ్యుర్రి, వాన్ని పిలిపిస్త, ఒక్కనాటి పని."

గనిని అక్కడివారు బాయి అంటారు. నేను అధికారి వైపు చూశాను.

"రేపు ఇంకొకడొచ్చి మన రాతి విగ్రహానికి లగ్గం జేస్తనంటడు మాస్టర్ సాబ్. బాజాలు గూడ మనమే మాట్లాడుదమా?" అన్నారు ఆయన.

ఓదెలు కూడా నవ్వాడు. నవ్వి, పోలేదు. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని లేచి వెళ్లాడు.

వేసవి మొదట్లో మళ్లీ వచ్చాడు. ఈసారి ధర్మపురి దాకా పోయి ఇత్తడి చెంబులో గోదావరి నీళ్లు తెచ్చాడు. పటం ఇవ్వకపోతే మానె, దానిమీద దోసెడు నీళ్లు చల్లనివ్వమన్నాడు. అధికారి ఊళ్లో లేరు. నిర్ణయం నాదే.

నేను గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను.

"గింత చెంబుకే మునుగుతదా సారూ మీ కచేరి?" అన్నాడు మ్యూజియం గదులు చూపిస్తూ.

అతనికి నచ్చచెప్పాలని, పటం అంచునుంచి ఊడిపోగా విడిగా ఉంచిన ఒక చినిగిన ముక్కను పళ్లెంలో పెట్టి నీటి చుక్కలు వేశాను. ఎరుపు కదిలి, మట్టి పాలలా విరిగింది. పాఠం చెప్పినట్టే చెప్పాను: జిగురు నీటిలో కరుగుతుంది, అందుకని నీళ్లు తగలకూడదు.

ఓదెలు పళ్లెం మీదికి వంగి చాలాసేపు చూశాడు.

"గదే గద సారూ నేనడిగేది. కరగాలె."

అయినా చల్లనివ్వలేదు. అతను వెళ్లాక, ఎవరూ లేనప్పుడు వచ్చి చల్లుతాడేమోనన్న అనుమానంతో గాజు మూత అంచుల చుట్టూ నా చేతులతో లప్పం పెట్టి మూసేశాను. తాళంచెవి నా జేబులోనే ఉంచుకున్నాను.

లప్పం పెట్టిన పన్నెండో రోజు అది. ఉదయం పది గంటలకు వేడి, తేమ లెక్కలు రాసుకున్నాను. గాలి పొడిగా, నోరెండిపోయేంత వేడిగా ఉంది. పటం ఎప్పటిలాగే ఉంది. పదకొండు దాటిన కొద్దిసేపటికి అటు వెళ్తే, గాజు కింద పటం కింది భాగం మూరెడు మేర తడిసి ఉంది. నేను చూస్తుండగానే ఎర్రరంగు విడిచిపోతోంది.

మొదట పైకప్పు చూశాను. పెంకుల్లో చెమ్మ లేదు. లప్పం ఎక్కడా పగలలేదు, నా వేలిముద్రలు దానిమీద అలాగే ఉన్నాయి. గాజు లోపలివైపు ఆవిరి లేదు. కావలి మనిషిని పిలిచి, అతని ఎదుట లప్పం గీరి మూత తెరిచాను. పటం కింద పరచిన దూది పొడిగా ఉంది. పటం మాత్రం పిండితే నీరు కారేలా ఉంది.

అద్దుడు కాగితంతో ఆ నీటిని తీశాను. రంగుతోపాటు సన్నని నల్లని రేణువులు అంటుకున్నాయి. మసి అనుకున్నాను. భూతద్దంలో అవి పలకలు పలకలుగా మెరిశాయి. ఎండబెట్టి పింగాణీ మూకుడులో వేసి స్పిరిట్ దీపం మీద వేడి చేస్తే, తారు వాసనతో పొగలు విడిచి, ఎర్రగా రగిలి బూడిద మిగిల్చాయి. కట్టె బొగ్గు కాదు, గనిలో తవ్వే రాక్షసి బొగ్గు. ఆ రోజు సాయంత్రం ఈ మాట తేదీ వేసి రాసి, కావలి మనిషి చేత సంతకం చేయించాను. అప్పటికి మాకు ఏ వార్తా తెలియదు.

మర్నాడు కాక ఆ మర్నాడు అధికారి ఉర్దూ పత్రిక పట్టుకొని వచ్చి, నా ముందు పెట్టారు. పటం తడిసిన రోజునే బెల్లంపల్లి వైపు ఒక గనిలో, వదిలేసిన పాత సొరంగం నుంచి నీళ్లు విరుచుకుపడ్డాయి. పోయినవారిలో రాజం ఉన్నాడు.

పత్రికను నమ్మి ఊరుకోలేదు. బెల్లంపల్లి వెళ్లాను. రాజంతో కలిసి పనిచేసిన ఒకతన్ని పట్టుకొని వేళ అడిగాను.

"మొదటి షిఫ్టు సగమైంది సార్. పదకొండు గాలే" అన్నాడతను. "నడుము దాక వచ్చినయి. మేం ఉరికినం. రాజం మాకంటె లోపట ఉండె." నావైపు తిరిగి, "గీ వేళతోని మీకేం పని సార్?" అన్నాడు.

ఆ వేళను నా పుస్తకంలో రాసుకొని లేచాను.

తిరిగి వచ్చాక, పటం పాడైందన్న కారణం చూపించి అధికారి దాన్ని ఇచ్చేశారు. బస్సులో ఒడిలో పెట్టుకొని ఓదెలు ఊరికి తీసుకుపోయాను. అతను అరుగుమీద కూర్చుని ఉన్నాడు. కోడలు, రాజం భార్య, లోపలినుంచి పీట తెచ్చి వేసి, నా ముఖం చూడకుండా వెళ్లింది.

ఓదెలు పటాన్ని కొసదాకా విప్పాడు. రంగు పోయి బట్ట తేలినచోట అరచెయ్యి పెట్టి ఉంచాడు. నేను జరిగినదంతా చెప్పాను, నల్లని రేణువుల సంగతితో సహా. అతను ఆశ్చర్యపోలేదు. మళ్లీ చుట్టి నా ముందుకు జరిపాడు.

"తీస్కపోండ్రి సారూ. మోసెటోడేడి?"

నేను మోస్తానన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

"మీకు నమ్మకం లేకపాయె. నమ్మనోడు మోస్తే బట్ట పోతది, పటం పోదు." అతని గొంతులో కోపం లేదు. నాకది కోపం కంటే కష్టంగా తోచింది. "పొండ్రి. మల్ల బస్సు దొరకదు."

ఇది జరిగి నాలుగేళ్లు. ఓదెలు ఇంకా ఉన్నాడని, ఆ ఇంటి అంటు తీరలేదని, కొత్త పటం దాన్ని గీసిన చిత్రకారుడి ఇంట్లోనే చుట్ట విప్పకుండా ఉందని విన్నాను. ఆ సాలెవాడలో మళ్లీ కథ చెప్పినవారు లేరు. నేను మ్యూజియం మానేశాను. పాత పటం నా బీరువాలో ఉంది. దాన్ని ఏం చేయాలో నాకు తెలియదు.

ఒక్క సంఘటనతో సూత్రం కట్టకూడదని పిల్లలకు ముప్పై ఏళ్లు చెప్పాను, ఇప్పుడూ కట్టను. దయ్యాలున్నాయని అనను. ఆ పెట్టెను, అది ఉన్న బల్లను, గదిని ఎన్నిసార్లు పరీక్షించానో నాకే గుర్తులేదు. ఆ నీటికి మామూలు కారణం ఒకటి ఎవరైనా చూపిస్తే నా అంత సంతోషించేవాడు ఉండడు. అప్పుడు నేను అడ్డుకున్నది ఒక ముసలాయన ఆచారాన్ని మాత్రమే అవుతుంది, అతని కొడుకు ప్రాణం నిలిచే దారిని కాదు. ఆ కారణం ఇంతవరకు దొరకలేదు.