చదివే ఆటలో ఇద్దరు అన్నదమ్ములు

నాకు అక్షరాలు వచ్చింది ఈ మధ్యనే. పొద్దుగూకే వేళ ఒక పంతులమ్మ మా ఊరి ఆడవాళ్ళకు చదువు చెప్పేది. సంతకం, బస్సు బోర్డు వచ్చాక చాలామంది మానేశారు. నేను మానలేదు కానీ, పేపరు పట్టుకుంటే మాత్రం కళ్ళు బెదిరేవి. నాకు చదువు మీద తీపి పుట్టించింది మా అమ్మాయి ఫోనులోని ఆట.

కావలిలో డిగ్రీ చదువుతున్న పిల్ల సెలవులకు వచ్చి చూపించింది. ఆటంటే పరుగులూ కాల్పులూ కావు. బొమ్మలో మనుషులు నిలబడి ఉంటారు. కింద వాళ్ళ మాటలు వస్తాయి. ఎవరో పిల్లలు సరదాకి తెలుగు చేశారట. చదివి వేలు పెడితేనే తర్వాతి మాట. నేను ఎంత నిదానంగా చదివినా విసుక్కోకుండా ఆగి ఉంటుంది.

రొయ్యలు వొలుస్తూ నేను పైకి చదివేదాన్ని. వేలు పెట్టడం పిల్ల పని. మా తోడికోడలు వినేది.

తన భర్తా నా భర్తా సొంత అన్నదమ్ములు. వాయుగుండం పట్టినప్పుడు ఒకే పడవలో పోయారు. ఒడ్డుకు ఒక్క శరీరమే వచ్చింది. ముఖం చూడనివ్వలేదు నన్ను. చొక్కా మోచేతి దగ్గర నేను వేసిన అతుకు చూసి, నా మనిషేనన్నాను. నా బొట్టు తీశారు. తన మనిషి ఏ ఒడ్డునో బతికి ఉంటాడని తను మాత్రం ఈనాటికీ బొట్టు పెట్టుకునే ఉంది.

ఆటలోనూ అన్నదమ్ములే. పడవ మునిగితే ఒక శవం కొట్టుకొస్తుంది. ఒంటి మీద అన్న చొక్కా ఉంది కాబట్టి అన్న పోయాడనుకుంటారు. చాలా ఏళ్ళకు ముఖం కాలిన మనిషి ఒకడు వాళ్ళ దీవికి వస్తాడు. తానెవరో తనకే గుర్తుండదు. తమ్ముడే తిరిగి వచ్చాడని ఊరు సంబరపడుతుంది. అక్కడికి రాగానే ఆపేసి ఉండొచ్చు. ముగ్గురిలో ఎవరమూ ఆపుదామనలేదు.

ఆ ఆట ఆడేవాళ్ళు ఫోనులో గుంపు కట్టి కొట్లాడుకుంటున్నారట. వచ్చినవాడు తమ్ముడు కాదు, అన్నేనని కొందరి వాదం. మా అమ్మాయి వాళ్ళమీద విరుచుకుపడేది.

"చొక్కా అన్నదే గదమ్మా! పోయింది అన్నే. ఇంక వాదన ఏంది?"

"ఏమో మే," అన్నాను. "వచ్చినోడు చేప తినేటప్పుడు ముల్లు తీసే తీరు చూడు. అచ్చం అన్న మాదిరే ఉండాది."

"ముల్లు అందరూ అట్నే తీస్తారు!"

తోడికోడలు నవ్వింది. "పెళ్ళాం వండిన పులుసు తిని గూడా గుర్తు రాలేదంటే, ఆ పులుసు ఎట్ట ఉండిందో!"

"నవ్వద్దు చిన్నమ్మా. చొక్కా సంగతి చెప్పు."

"పడవలో చొక్కా ఎవురిదని చూస్తారే? తడిసినోడు చేతికి ఏది అందితే అది తగిలించుకుంటాడు. మీ చిన్నాయన ఎన్నిసార్లు మీ నాయన చొక్కాతో ఇంటికి రాలేదు! మీ అమ్మ నవ్వి..."

అక్కడ ఆగిపోయింది. చేతిలో రొయ్య అట్లాగే ఉంది.

పిల్ల ఫోను బోర్లా పెట్టింది. నేనేదో ఒకటి అనాలనుకున్నాను. చొక్కా ఒక్కటే కాదు, ఇంకేదో చూసి గుర్తుపట్టానని చెప్పాలనుకున్నాను. నేను చూసింది ఆ అతుకే. ఇంకేమీ చూడలేదని నాకన్నా తనకే బాగా తెలుసు.

"ఆటలో మాట లేమ్మా," అంది తను. మిగిలిన రొయ్యలు వొలిచి, తలకాయలూ పొట్టూ ఎత్తి, తన ఇంట్లోకి పోయింది.

మర్నాటికి చివరి భాగం మిగిలింది. పిల్ల గడపలో నిలబడి పిలిచింది.

"చిన్నమ్మా, రా. ఈ పొద్దు తేలిపోతాది, వాడెవురో."

"మీరు చదువుకోండి. నాకు తేలొద్దు," అంది లోపలి నుంచి.

మేమూ ఆ భాగం తెరవలేదు. పిల్ల ఆ గుంపులో వాదించడం మానేసింది. సెలవులు అయిపోయినా, వాళ్ళ నాయన ఏటి దినం దగ్గరపడిందని నాతో ఉండిపోయింది.

ఆ రోజు నేను ఏటేటా విస్తరిలో అన్నం, కానాగంత చేపల వేపుడు పెట్టుకుని నీళ్ళ అంచుకు పోతాను. తోడికోడలు ఎప్పుడూ రాదు. వస్తే తన మనిషి పోయాడని తనే ఒప్పుకున్నట్టు. తలుపు దగ్గర నిలబడి చూసేది, అంతే. ఈ ఏడు నేను ఇసుకలో కూర్చుని విస్తరి సర్దుతుంటే పక్కన నీడ పడింది. ముఖాన బొట్టు ఉంది. చేతిలో గిన్నె ఉంది. మా మరిదికి ఇష్టమైన చింతకాయ పులుసు, వంజరం చేప ముక్కలు వేసి కాచింది.

వేరే ఆకు తేలేదు. నా విస్తరిలోనే, నా అన్నం మీదే పోసింది.

"ఎవురైతేనేం అక్కా. ఆకలితో ఉంటాడు," అంది.

ఇద్దరం కలిసి విస్తరిని నీళ్ళమీద వదిలాం. అల దాన్ని వెనక్కి తెచ్చింది. తను చీర మోకాళ్ళ పైకి ఎత్తిపట్టి లోపలికి దిగి, రెండు చేతులా మళ్ళీ తోసింది.