పదిమందే పండుకున్నరు

మేం పెద్దబాపును మట్టి జేస్తున్న టైముల మా గ్రౌండుల గోల్ పోస్టులు కోసుకపోయిండ్రు. పీకలేదు, కోసిండ్రు. నేను మేడ్చల్‌ల వెల్డింగ్ షెడ్డుల పనిజేస్త. గ్యాస్ కట్టర్‌తోని కోసిన ఇనుము అంచు ఎట్లుంటదో నాకు ఇంకొకరు చెప్పక్కరలేదు. సిలిండర్ ఆటోల ఎక్కించుకొని, మనిషిని మాట్లాడుకొని, సమయం చూసుకొని వచ్చి జేసిన పని అది. ఊరు ఊరంత సమాధుల కాడ తలకాయ వంచుకొని ప్రార్థనల ఉన్న సమయం. ఆ సమయం వాళ్లకు ఎవరు చెప్పిండ్రు?

పోయిన మనిషి గురించి రాసుకుంట పోస్టుల పంచాయితీ ఎందుకని అనకుండ్రి. ఆయన బతుకుల సగం ఆ రెండు పోస్టుల నడుమనే ఉన్నది.

ఆయన పోయిండని తెలిసినప్పుడు నేను షెడ్డుల ఒక గేటుకు కడ్డీలు అతికిస్తున్న. ఫోన్ల పెద్దమ్మ ఒక్కటే మాటన్నది: "బిడ్డా, మీ పెద్దబాపు ఇగ విజిల్ ఊదడు." అంతే, పెట్టేసింది. రాయి దుమ్ము ఆయన ఊపిరిల ఎప్పుడో గడ్డకట్టింది. ఆఖరు దినాలల్ల కొవ్వొత్తి కూడ ఊదలేకపొయ్యిండు. నేను మాస్క్ తీసి పక్కకు పెట్టి, గేటు దిక్కే చూసుకుంట నిలబడ్డ.

ఆయన నాకు రక్తసంబంధం గాదు. శామీర్‌పేట కెల్లి కీసర దిక్కు పొయ్యే తొవ్వల, గుట్టను తొలిచి కంకర జేసే క్వారీ మీద బతికిన ఊరు మాది. ఆ క్వారీల రాళ్లకు మందు పెట్టి పేల్చే మేస్త్రి ఆయన. మా ఫుట్‌బాల్ టీమును పుట్టించింది, ఆడిపిచ్చింది కూడ ఆయనే. మా ఇండ్లు పక్కపక్కనే. నేను పెద్దబాపు అని పిలిస్తే టీమంత అదే పట్టుకున్నది.

మందు పెట్టినంక మూడు పొడుగు విజిళ్లు ఊదుతుండె. మూడోది అయ్యేలోపల ఎక్కడోడు అక్కడ బోర్ల పండుకోవాలె, చేతులు తలకాయ మీద పెట్టుకోవాలె. అన్నం ముందట కూసున్నా సరే, పండుకోవాల్సిందే. మా ఊర్ల పిల్లలకు నడక వచ్చినంక మొదలు నేర్పేది గదే. గుంతలకెల్లి అందరికంటె ఎనుక బయటికొచ్చేది ఆయన. పేలినంక అందరికంటె ముందు లోపలికి పొయ్యేది ఆయన. పేలకుండ మిగిలిన తూటా ఏమన్న ఉన్నదా అని ఒక్కొక్క పగులు కాడ కూసొని చూస్తుండె. ఆయన ఎర్రగుడ్డ ఊపేదాక ఎవడు కదలొద్దు.

"పేలినదానితోని పరేషాన్ లేదు బిడ్డా. సప్పుడు జెయ్యకుంట కూసున్నదానితోనే పరేషాన్" అంటుండె.

ఆ అలవాటు ఆయనను అన్నిట్ల పట్టుకున్నది. ఏ వస్తువైనా వేళ్లతోని తట్టి, చెవి పెట్టి ఇన్నంకనే నమ్ముతుండె. మ్యాచుకు ముందు బాల్ తట్టుతుండె. రెండు పోస్టులకాడికి పొయ్యి, తలుపు కొట్టినట్టు తట్టుతుండె. బస్సుల సీటు గూడ తట్టి కూసుంటుండె. కండక్టర్ ఒకసారి, "తాతా, సీటు లోపల ఎవరన్న ఉన్నరా?" అని అడిగిండు. "ఉన్నోడు చెప్పడు గద, అందుకే తట్టుతున్న" అన్నడు.

మా గ్రౌండు అంటె గుట్ట ముందటి భాగం తొలిచినంక మిగిలిన చదును జాగ. గడ్డి పోచ లేదు, అంత రాయి పొడే. పడితే మోకాలి తోలు లేస్తుండె. అందుకే మేం పడకుంట ఆడుడు నేర్చుకున్నం. పోస్టులు కంకర మిషన్ పాత పైపులతోని ఆయనే చేపిచ్చిండు. ఆదివారం ఆరాధన అయినంక ఆట. పాస్టరయ్య ప్రసంగం పొడుగైతే, ఎనుక బెంచి కెల్లి టక్ టక్ అని సప్పుడొస్తుండె. పెద్దబాపు బెంచి తట్టుతున్నడన్నట్టు. పాస్టరయ్య నవ్వుకుంట ఆమెన్ దిక్కు వస్తుండె.

పని ఎక్కువున్న దినాలల్ల ఆదివారం గూడ మందు పెడుతుండ్రి. ఆట నడుమ విజిల్ పడితే పండుకునుడు, పేలినంక లేసుడు, బాల్ ఏడ ఆగితే ఆడికెల్లి మళ్ల ఆట. ఒకసారి సిటీ కెల్లి వచ్చిన టీమోళ్లు మొదటి దెబ్బకే వాళ్ల వ్యాన్ల దూరి తలుపేసుకున్నరు. వాళ్ల కెప్టెన్ అద్దంల కెల్లి అరిచిండు, "క్యా భాయ్, యే మ్యాచ్ హై యా జంగ్?"

"మ్యాచే భాయ్. జంగ్ అయితే చెప్పి పేలుస్తరా?" అన్నడు పెద్దబాపు.

గుట్ట ఎత్తుగున్నన్ని దినాలు టీము గూడ ఎత్తుగున్నది. క్వారీ యజమాని జెర్సీలిచ్చిండు, బయటి మ్యాచులకు లారీ ఇచ్చిండు. కంకర దింపినంక అదే లారీ ఊడ్చి ఎక్కుతుంటిమి. దిగేసరికి నెత్తి, కనుబొమ్మలు తెల్లగుండేవి. "కంకరోళ్లొచ్చిండ్రు రా, ముసలోళ్ల టీము!" అని నవ్వుతుండ్రి. ఆట అయినంక నవ్వకపోతుండ్రి. గెలిచిన కప్పులు మిషన్ ఆఫీసుల, సుత్తెలు పెట్టే బల్ల మీద వరుసగ పెట్టిండ్రు. మా ఊరి పేరు సిటీల నలుగురికి తెలిసిందంటె, అది కంకరతోని గాదు, బాల్‌తోని.

ఆ తర్వాత ఒక పెద్ద కప్పు ఫైనల్ వచ్చింది. సిటీల పచ్చగడ్డి గ్రౌండు. నేను రైట్ బ్యాక్. ఒక గోల్ ముందున్నం, ఇంక కొంచెంసేపు ఆపితే కప్పు మాది. అప్పుడు జనం ఎనుకకెల్లి విజిల్ ఇనబడ్డది. పొడుగు విజిల్. మళ్లొకటి. మూడోదానికి నా నోట్ల గడ్డి ఉన్నది, చేతులు తలకాయ మీద ఉన్నయి. రెఫరీ ఊదింది గాదు అది. జనం నవ్వుతుంటె తలకాయ ఎత్తిన. బాల్ మా నెట్ల ఉన్నది.

"బయటోడు ఊదిండు సార్, మోసం ఇది" అని పెద్దబాపు ఎంత మొత్తుకున్నా రెఫరీ ఇనలే. ఆ తర్వాత మా కాళ్లు మా మాట ఇనలే. ఇంకో గోల్ పడ్డది. ఓడినం.

మేం విజిల్‌కు పండుకునుడు ఊరికి ఆడనీకి వచ్చిన టీములు చాన చూసినయి. ఎవడో ఆకతాయి ఊది ఉంటడని ఊర్ల అనుకున్నరు. నేను గూడ అట్లనే అనుకుంటుంటి. గాని జెర్సీలు ఉతికేది పెద్దమ్మ. మరునాడు తీగ మీద ఆరేసుకుంట ఆమె ఆయనతోని అన్నదట, "పది జెర్సీలకు ఛాతి మీద గడ్డి మరక వోతలేదు. ఒక్క గోల్ కీపర్‌ది ముందట సాఫుగున్నది, ఉతికే పనే లేదు." ఆయన తీగ కాడికి వచ్చి, ఒక్కొక్కటి పట్టుకొని చూసి లోపలికి పొయ్యిండట.

మా కీపర్ పండుకోలేదు. మా ఊర్ల పుట్టినోడు, మాతోని నేల మీద బోర్ల పడుకుంట పెరిగినోడు, ఆ దినం నిలబడ్డడు. నిలబడి బాల్ పట్టనూ లేదు.

ఓడినంక యజమాని లారీ బంద్ జేసిండు. గుట్ట గూడ అయిపొయ్యింది. ఎత్తు పొయ్యి గుంతయ్యింది, గుంతల నీళ్లు నిండినయి. మిషన్ ఇప్పి ఇనుము కింద అమ్మిండ్రు, కప్పులు ఏ సంచిల పొయినయో తెల్వది. పొయ్యేటప్పుడు యజమాని అందరి ముందట అన్నడు, "గ్రౌండు మీదే, ఆడుకోండ్రి." ఆ మాట ఇన్న చెవులు ఊర్ల చాన ఉన్నయి. ఇయ్యాల నోర్లే లేవు. మా సెంటర్ ఫార్వర్డ్ గేటెడ్ కాలనీల సెక్యూరిటీకి కుదిరిండు. మిగిలినోళ్లు పొద్దుగాల తుర్కపల్లి కంపెనీ క్యాబులెక్కుతున్నరు, ఆదివారం గూడ ఓటీ. ఏడుగురితోని ఆడినం, తర్వాత ఐదుగురితోని ఆడినం. కీపర్ ప్లాట్ల దందాల పడ్డడు. తెల్ల కారు కొన్నడు.

అయినా పెద్దబాపు ప్రతి ఆదివారం గ్రౌండుకు వస్తుండె. మిషన్ ఉన్న కాడ మిగిలిన సిమెంటు దిమ్మె మీద కూసుంటుండె. ముగ్గురొచ్చినా పోస్టులు తట్టినంకనే విజిల్ ఊదుతుండె. నేను ఏడో తరగతితోని బడి ఇడిసిన. ఎవరు నేర్పకున్నా చదువుడు, రాసుడు పట్టుకున్న అంటె, ఆయన దిమ్మె మీద కూసొని పేపర్ నా చేతికిచ్చి, "నా కండ్లకు దుమ్ము, నువ్వు చదువు" అన్నందుకే. ఆయన కండ్లు మంచిగనే ఉండేవని నాకు చాన ఆలస్యంగ అర్థమయ్యింది. ఇయ్యాల నేను ఏ అతుకు వేసినా సుత్తెతోని తట్టి సప్పుడు ఇంట. మా షెడ్డు సేటు నవ్వుతడు. నవ్వనీ.

కీపర్ అప్పుడప్పుడు కారుల వచ్చి ఆయనకు బత్తాయిలు ఇచ్చిపోతుండె. ఆయన వాటిని గూడ తట్టి చూసి, పక్కింటి పిల్లలకు ఇస్తుండె. మొన్నటి వానకాలం నేను ఆగలేక అడిగిన.

"పెద్దబాపూ, అంత తెలిసి వాణ్ని టీముల ఎట్ల ఉంచినవు?"

"తెలిసింది ఏడిది రా? అనుమానం, అంతే."

"పది జెర్సీలకు మరకలున్నయి గద!"

"పదిమందే పండుకున్నరు. గది నిజం. పదకొండోడు ఎందుకు నిలబడ్డడో వాడికే ఎరుక. భయానికి కొయ్యబారినోళ్లను నేను క్వారీల చూసిన."

"నీ అంత మంచితనం నాతోని గాదు."

"మంచితనం గాదు బిడ్డా. పేలని తూటా ఉన్న కాడ సుత్తె ఎత్తొద్దు. కూసోవాలె, చూడాలె. జల్దీ జేసి కొడితే పక్కనున్నోడు పోతడు."

"ఎన్నేండ్లు కూసుంటవు?"

నవ్విండు. నవ్వు దగ్గయ్యింది, దగ్గు ఆగేదాక వీపు రాసిన. "నీకు జల్దెక్కువ. అందుకే రైట్ బ్యాకుల పెట్టిన, ఉరుకుతవని" అన్నడు.

ఇగ ఆయన పోయిన దినం సంగతి. పొద్దుగాలనే మట్టి జేద్దమన్నడు పాస్టరయ్య. ఆగుదమన్నది కీపర్. "కీసర కెల్లి సుట్టాలు రావాలె, సాయంత్రం చేద్దం" అన్నడు. పెద్దమ్మ ఏడుపుల ఉండి తల ఊపింది. కీసర కెల్లి ఎవరు రాలే. పెట్టె ముందు భాగం కుడి భుజం మీద మోసింది కీపరే. అందరికంటె ఎక్కువ ఏడ్చింది వాడే. ప్రార్థనల నేను కండ్లు తెరిచిన, అది నా తప్పే అనుకోండ్రి. కీపర్ కండ్లు గూడ తెరిచే ఉన్నయి, ఫోన్ దిక్కు.

పెద్దబాపు బాల్ పోస్టుల నడుమ కొంచెంసేపు పెడ్దమని మట్టి కాడికెల్లి మేం సక్కగ గ్రౌండుకు పోయినం. రెండు మొండాలు మిగిలినయి, మోకాలెత్తు గూడ లేవు. చెయ్యి పెడితే అంచు ఇంకా ఎచ్చగున్నది. తెల్లారేసరికి తాడు కట్టి, సున్నం చల్లి, హద్దురాళ్లు పాతిండ్రు. వెంచర్ బోర్డు లేసింది. ఆ హద్దురాళ్లు మా గుట్టయే. పోస్టులున్నన్ని దినాలు అది గ్రౌండు. పోస్టులు లేకుంటె ఉత్త ఖాళీ జాగ, ఎవడైనా కొలుసుకోవచ్చు. కోసినోడికి ఆ సంగతి మంచిగ తెలుసు.

ఎవరు కోపిచ్చిండ్రో నేను రాయలే. కండ్లతోని చూడలే కాబట్టి రాయలే. పెద్దబాపు గది నేర్పిండు, ఆయన మాట ఇంత మటుకే నిలబెడుత. కూసొని చూసే ఓపిక ఆయనతోని మట్టిల పొయ్యింది. మట్టిని సాయంత్రానికి జరిపింది నిజంగ సుట్టాల కోసమేనా? ఊరు ఖాళీగున్న సంగతి ఎవడు చేరేసిండు? ఆ దినం ఫైనల్ల ఎందుకు నిలబడ్డవు? భయమైతే భయమని చెప్పు, నమ్ముత. ఆయన ముందట చెప్పనిది ఇప్పుడు ఊరి ముందట చెప్పు.

వచ్చే ఆదివారం గుడిల పెద్దబాపు యాదిల ఆదరణ కూడిక ఉన్నది. ఆఖరు ఆమెన్ లోపల జవాబు రావాలె, పోస్టులు వాటి మొండాల కాడికి రావాలె, హద్దురాళ్లు పోవాలె. అతికే పని నాది, మిషన్ తెచ్చుకుంట.

రాకపోతే, పెద్దమ్మ విజిల్ నా చేతుల పెట్టింది. అందరు గుడి మెట్లు దిగుతుంటె ఆ మొండాల నడుమ నిలబడి ఊదుత. మూడు సార్లు, పొడుగ్గ. మా ఊరు పండుకుంటది, పండుకోకుంట ఉండలేదు. తెల్ల బట్టల ముసలోళ్లు, అమ్మలు, క్యాబు డ్రైవర్లు, అందరు ఆ రాయి పొడిల బోర్ల పండుకుంటరు. ఈసారి నేను పండుకోను. తలకాయ ఎత్తి చూస్త, నిలబడి ఉన్నది ఎవరని.