ముసలమ్మకు బాగోలేదు

టోర్‌బోర్గ్ చేతులు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. ఉత్తర నార్వేలో, మా దీవి చివర, సముద్రపు నీళ్ళు గొట్టాల్లోంచి వచ్చి తొట్లలో తిరిగే ప్రయోగశాల మాది. విశ్వవిద్యాలయం వాళ్ళు దాన్ని కట్టిన రోజుల్లో ఆమె రేవు పక్కన ఫ్యాక్టరీలో చేపల్ని ముక్కలు కోసేది. చచ్చినవాటిని చూసి చూసి విసుగొచ్చి బతికున్నవాటి దగ్గరికి వచ్చానంటుంది.

మేం పెంచేది హాలిబట్. సముద్రం అడుగున దుప్పటిలా పరుచుకుని పడుకునే చేప. పుట్టినప్పుడు అన్ని చేపల్లాగే నిటారుగా ఈదుతుంది. పెరిగేకొద్దీ ఒక కన్ను నెమ్మదిగా తలమీదుగా నడిచి రెండో కన్ను పక్కకు చేరుతుంది. ఆ ప్రయాణం మొదలయ్యే చీకటి గదిలో టోర్‌బోర్గ్ అడుగుల చప్పుడు కూడా వినబడనివ్వదు.

ఆ చేప పేరు మాత్రం ఆమె పలకదు. వాళ్ళ నాన్న, తమ్ముడు గాలాలు వేసి బతికినవాళ్ళు. పడవలో పేరెత్తితే చేప విని గాలం వదిలించుకుపోతుందని ఈ తీరంలో నమ్మకం. అందుకే 'ఆమె' అంటారు, 'వెడల్పుది' అంటారు. నాలుగు గోడల మధ్య తొట్టిలో ఉన్నది ఎక్కడికి పోతుందని ప్రొఫెసర్ ఓసారి నవ్వారు. పోదు, కానీ వింటుంది కదా అంది టోర్‌బోర్గ్. ఇప్పుడు ప్రొఫెసర్ కూడా 'ఆమె' అనే అంటున్నారు.

తొట్లలో ఉన్నవాటన్నిట్లోకీ పెద్ద ఆడచేపను ముసలమ్మ అంటాం. అది టోర్‌బోర్గ్ తమ్ముడు ఆస్గౌత్ గాలానికి పడిందే. ప్రాణంతో తెచ్చి మాకిచ్చాడు. తర్వాత అది గుండ్రంగా తిరుగుతుంటే చూసి, సముద్రంలో పెరిగినదాన్ని స్నానాల తొట్టిలో పెట్టారని అక్కమీద అలిగాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు.

ఆ మార్చిలో ముసలమ్మ పొట్ట ఉబ్బింది. గుడ్లు కొన్ని రోజులకో విడత పండుతాయి; పండగానే మనిషి చేత్తో ఒత్తి తీయాలి. ఆలస్యమైతే అవి లోపలే చెడి, గడ్డకట్టి, తల్లి ప్రాణం మీదికి తెస్తాయి. ఆ ఉదయం టోర్‌బోర్గ్ దాని పొట్టమీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉండిపోయింది. నిన్ననే తీయాల్సింది అంది. దాన్ని నీళ్ళలోంచి బల్లమీదికి చేర్చాలంటే ముగ్గురు కావాలి. మాతో పనిచేసే ఇవర్ జ్వరంతో పడుకున్నాడు. గాలికి ఫెర్రీ ఆగిపోయి ప్రొఫెసర్ అవతలి ఒడ్డున చిక్కుకున్నారు. మిగిలింది ఆమె, నేను. కాసేపు కిటికీలోంచి రేవు వైపు చూసి, గాలికి పడవ కట్టేసుకుని అక్కడే ఉన్న తమ్ముడికి ఫోన్ చేసింది.

"ముసలమ్మకు బాగోలేదురా. ఈ పూట గడిచేలా లేదు. రా," అని పెట్టేసింది.

ఎదురుచూశాం. రేవు నుంచి నడిచి రావడానికి పట్టే సమయం ఎప్పుడో దాటిపోయింది. ముసలమ్మ తొట్టి అడుగున నీడలా అంటుకుపోయింది. మొప్పలు అప్పుడప్పుడూ లేస్తున్నాయి. వాడికి ఇంకా అలక తీరలేదులే అంది టోర్‌బోర్గ్, నీళ్ళలోంచి చెయ్యి తీయకుండా.

అతను వెళ్ళింది వృద్ధాశ్రమానికి. ఆ అక్కాతమ్ముళ్ళు కన్నతల్లిని కూడా ముసలమ్మ అనే అంటారు. తడి బూట్లతో గదిలోకి పరుగెత్తితే, ఆవిడ వాఫిల్ అట్టు మీద గోధుమరంగు జున్ను పరుచుకుని తింటోందట. పోవడానికి నాకింకా తీరిక దొరకలేదు, అక్కడ మీ అక్క ఇంకెవరి కోసమో ఏడుస్తుంటుంది, వెళ్ళి చూడు అని తరిమిందట.

తలుపు తోసుకొచ్చిన ఆస్గౌత్ ముఖంలో నెత్తురు లేదు.

"అమ్మ పోతోందనుకున్నాను. అది ఏ చేపో పేరు చెబితే నీ సొమ్మేం పోయేదక్కా?"

టోర్‌బోర్గ్ నోరు తెరిచింది. తొట్టి వైపు చూసి మూసేసింది.

"సరే, నువ్వు చెప్పు," అంది.

అతనూ తొట్టి వైపు చూశాడు. కోటు విప్పి మేకుకు తగిలించాడు.

ముగ్గురం ఎత్తాం. కళ్ళమీద తడిగుడ్డ కప్పగానే చేప శాంతించింది. టోర్‌బోర్గ్ బొటనవేళ్ళతో పొట్ట వెంబడి నెమ్మదిగా ఒత్తుకుంటూ వచ్చింది. గాజుపూసల్లా రావాల్సినవి పులిసిన సగ్గుబియ్యంలా, తెల్లటి ముద్దలుగా బకెట్లో పడ్డాయి. గుడ్లలో కలపడానికి మగచేపల పాలు, అంటే వాటి వీర్యం, పట్టి ఉంచిన గిన్నెను నేను పక్కన పెట్టేశాను. ఆమె ఆపలేదు. లోపల ఒక్క ముద్ద మిగలకుండా తీసింది. బకెట్ మొత్తం పారబోశాం.

"అంతా పోయినట్టేనా?" అన్నాడు ఆస్గౌత్.

"ఈ విడత పోయింది. ఆమె ఉంది."

నీళ్ళలోకి దించాక చేప ఓ పక్కకు ఒరిగింది. ఆస్గౌత్ భుజాల దాకా చేతులు ముంచి, గొట్టంలోంచి వచ్చే నీటికి ఎదురుగా దాని నోరు పెట్టి పట్టుకున్నాడు. సముద్రం చిన్న పాయగా దాని నోట్లోకి వెళ్ళి మొప్పల్లోంచి బయటికొచ్చింది. చాలాసేపటికి అంచు రెక్క ఒకటి అలలా కదిలింది. అప్పటికీ అతను వదల్లేదు.

"మళ్ళీ ఎప్పుడు తీయాలి?"

"శుక్రవారం కావచ్చు."

శుక్రవారానికి గాలి తగ్గుతుందట, అందరూ పడవలు తీస్తారట. ఆ మాట అతనే అని, ఇంతకీ మీరు ఎన్నింటికి మొదలుపెడతారని నన్నడిగాడు. నేను టోర్‌బోర్గ్ వైపు చూశాను.

"ఆ రోజు కాఫీ తాగి వస్తావా, ఇక్కడే తాగుతావా?" అంది ఆమె.